వెనక బరువు

ద్రహోమీరా వెనక సీటు మీద మోకాళ్లేసి, వెనక కిటికీ చిన్న అద్దంలోంచి కారు తోకను చూస్తోంది. ఇంజను మూత మీద తను అతికించిన ఊలు పోగులు గాలికి ఎటు ఊగుతున్నాయో చూసి చెప్పాలి. నీళ్లతో పని లేకుండా గాలితోనే చల్లబడే ఇంజను అది. గాలి సరిగ్గా అందకపోతే మాడిపోతుంది.

కారు ఫ్యాక్టరీలో ఆమె సీట్లు కుడుతుంది; కొత్త కారు పరీక్షలో వెనక కూర్చుని చూసే మనిషి కావాలంటే వచ్చింది. చెక్ దేశపు మొరావియాలో అప్పటిదాకా అందరూ ఇంజను ముందున్న కార్లే ఎరుగుదురు. దీనికి ఇంజను వెనకుంది, ముందు భాగమంతా ఖాళీ. ఆమె ముందు సీటుకేసి తిరిగి అరిచింది.

"ఒత్మార్ అన్నా, కాస్త మెల్లగా పోనీ!"

"మెల్లగానే పోతున్నానమ్మాయ్. చప్పుడు వెనకెక్కడో ఉంది కదా, నాకే వేగం తెలీడంలేదు," అని నవ్వాడు డ్రైవరు.

బెస్కిడీ కొండ దిగుతున్నారు. మంచు కలిసిన వాన పడుతోంది. మలుపులో ఒత్మార్ కంగారుపడి బ్రేకు తొక్కాడు. అంతే, తోక బరువుకి కారు గిర్రున తిరిగింది. అద్దంలో రోడ్డు పోయి ఫర్ చెట్ల చిటారు కొమ్మలు కనిపించాయి. కింద ఏదో గీసుకున్న చప్పుడు, ఆ వెంటనే నిశ్శబ్దం.

వెనక చక్రాలు రెండూ లోయ మీద గాలిలో ఉన్నాయి.

ఒత్మార్ తలుపు తీసి ఒక కాలు బయట పెట్టాడు. కారు ముక్కు పైకి లేచింది.

"దిగకు! నువ్వు దిగితే నేను పోతాను!" ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

అతను మళ్లీ కూలబడ్డాడు. మొహం సున్నంలా పాలిపోయింది. "అమ్మా దేవుడా... ముందుకి రా తల్లీ. మెల్లగా. నేను కదల్ను."

ఆమె ముందు సీటు వీపును పట్టుకుని పొట్ట మీద పాకింది. కింద రేకు మూలిగినప్పుడల్లా ఊపిరి బిగబట్టి ఆగిపోయింది. ఎలాగో అతని పక్కకి జారి, చేత్తో తడిమి తలుపు గడియ పట్టుకుంది.

"ఒకేసారి దూకాలి. నన్నొదిలి ముందు దూకావో!"

"ఒట్టు. ఊఁ... దూకు!"

ఇద్దరూ చెరోపక్కా బురదలో పడ్డారు. కారు ఒక్క క్షణం ఆలోచిస్తున్నట్టు ఊగి, చెట్లలోకి జారిపోయింది. ఆ విరిగే చప్పుడు ఆగేదాకా ఆమె చెవులు మూసుకునే ఉంది.

కలప తోలేవాళ్లు వచ్చి ఇద్దరినీ తమ గుర్రాల బండి మీద కూర్చోబెట్టారు. దారంతా ఆమె ఒత్మార్ చొక్కా చెయ్యి వదల్లేదు.

తర్వాతి కారుకి ముందు భాగంలో ఇసుక బస్తాలు వేశారు. అది నడపడానికి ఒత్మారే వెళ్లాడు. "రావూ?" అని అడిగితే ఆమె తల అడ్డంగా ఊపింది. ఆ కారు తిరిగొచ్చేదాకా సూదిలోకి దారం ఎక్కించలేకపోయింది.