పేరు మార్చిన కేసు

పేరు మారిస్తే మనిషిని ఎవరూ గుర్తుపట్టరని ఏ పుస్తకంలో రాశారో గానీ, ఆ రాసినవాళ్లు ఆదోని చూసి ఉండరు. ఇక్కడ బస్సులో పక్కన కూర్చున్న ఆవిడ రెండు స్టాపులు దాటేలోపు మీ ఇంటి పేరు, మీ మేనమామ అంగడి, మీ చెల్లెలి సంబంధం ఎందుకు తప్పిపోయిందో అన్నీ లాగేస్తుంది.

నేను ఈ ఊళ్లోనే మద్యం, మత్తుమందుల అలవాటు మాన్పించే చిన్న కేంద్రంలో కౌన్సెలర్ని. నా పేరు ఉషశ్రీ. నాకు నోరెక్కువని మా ఆయన అంటాడు, నిజమే. నా కింద పనిచేసే యేసేపుది మద్దికెర. నాకు లేని ఓపికంతా దేవుడు వాడికే ఇచ్చాడు. తాగొచ్చి తిట్టేవాళ్లకు కూడా వాడే మంచినీళ్లు తెచ్చిస్తాడు.

ఆ రోజు ఆశా కార్యకర్తలకూ టీచర్లకూ మా కేంద్రం వాళ్లం శిక్షణ పెట్టాం. ఇంట్లో ఒకరికి అలవాటు పడితే చుట్టుపక్కల వాళ్లు ఎలా పసిగట్టాలి, గుట్టు బయటపడకుండా ఎలా సాయం చేయాలి, అదీ విషయం. యేసేపు ఒక కేసు చెప్పాలి. పేరు, ఊరు, వయసు మార్చి చెప్పమన్నాను. ఆటో డ్రైవరు కేసు చెప్తానన్నాడు. తీరా చూస్తే ఆ డ్రైవరు అక్క ముందు వరసలోనే కూర్చుని ఉందట. అది చూసి వాడు చివరి నిమిషంలో కేసు మార్చేశాడు. నాకు చెప్పనేలేదు. పెనం మీంచి పొయ్యిలో పడటమంటే ఇదే.

"కర్నూల్లో ఒకామె. పేరు పద్మ అనుకుందాం" అని మొదలుపెట్టాడు. "కాన్పు తర్వాత దగ్గు వస్తే సిరప్ తాగింది. దగ్గు పోయింది, సిరప్ పోలేదు. రోజుకో సీసా దాకా వచ్చింది. ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. ఎందుకంటే ఆమె ఏకాదశికి నీళ్లు కూడా ముట్టదు. మందుకు మాత్రం దోషం లేదని సిరప్ తాగుతుంది."

పద్మా కాదు, కర్నూలూ కాదు. అది కృతి.

కృతి ఎమ్మిగనూరు కోడలు. దేవరనామాలు, అంటే కన్నడ దాసుల భక్తి పాటలు, నేర్చుకునే వంకతో గురువారం గురువారం ఆదోనిలో మా ఇంటికి వచ్చేది. సిరప్ కొలత తగ్గించుకుంటూ వచ్చి ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంటోంది. మొదటి రోజే నా చెయ్యి పట్టుకుని, "మా అత్తకు తెలిస్తే నన్ను రాయచూరుకు మా పుట్టింటికి పంపించేస్తారక్కా, సుజయ్‌ను నాకు ఇయ్యరు" అంది. సుజయ్‌కి మూడేళ్లు. ఆ మాట అన్నప్పుడు ఆ పిల్ల చెయ్యి ఎంత చల్లగా ఉందో నాకింకా గుర్తే.

ఆ అత్త మూడో వరసలో కూర్చుని ఉంది. ఇందిరాబాయి టీచర్. ఎమ్మిగనూరులో ఆవిడ దగ్గర లెక్కలు నేర్చుకోనివాళ్లు తక్కువ, దెబ్బలు తినని వాళ్లు ఇంకా తక్కువ. కేసు కాగితాలు రాసిపెట్టేది యేసేపే గానీ, కృతి అత్తగారు ఎవరో వాడికి తెలియదు. చెప్పకూడదు కాబట్టి నేనే చెప్పలేదు. ఏకాదశికి నీళ్లు కూడా ముట్టని ఇళ్లు ఎవరివో అంతకన్నా తెలియదు. వాడి ఇంట్లో శుక్రవారం ఉపవాస ప్రార్థనలు తప్ప ఏకాదశి ఎక్కడిది?

కానీ హాల్లో మిగతావాళ్లకు తెలుసు. ఎమ్మిగనూరు ఆశా కార్యకర్త సావిత్రమ్మ పక్కామెను మోచేత్తో పొడిచి, నాకు వినబడేట్టే అంది.

"నీళ్లు గూడా తాగరంటే ఆచార్ల ఇండ్లల్లోనే. కర్నూలని వూరికే సెప్తాండాడు, ఈయప్ప పనిచేసేది మన పక్కనే గదా."

ఇంకేముంది, వల వేసేశారు. ఆచార్ల ఇళ్లు, అంటే మాధ్వ బ్రాహ్మణుల ఇళ్లు, ఎమ్మిగనూరులో ఎన్ని, మంత్రాలయంలో కాన్పైన కోడళ్లు ఎవరు, కౌతాళంలో ఎవరింట్లో ఎప్పుడూ దగ్గుతుంటారు అని వేళ్లు మడుస్తున్నారు. పిల్లకు సంబంధం చూసేటప్పుడు కూడా అంత శ్రద్ధ ఉండదు. నేను యేసేపుకు కళ్లతో సైగ చేశాను. వాడు మెచ్చుకుంటున్నానని అనుకున్నాడు కాబోలు, ఇంకా ఉత్సాహంగా చెప్పుకుపోయాడు. వాసన రాకుండా పచ్చకర్పూరం నములుతుందట. ఖాళీ సీసాలు బియ్యం డబ్బాలో దాచి, గుడికి వెళ్లేటప్పుడు పూలబుట్టలో పట్టుకెళ్లి పడేస్తుందట.

ఇందిరాబాయి పెన్ను కింద పెట్టేసింది. అప్పటిదాకా శ్రద్ధగా రాసుకుంటున్న మనిషి ఇక రాయలేదు. కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. మళ్లీ పెట్టుకుని యేసేపు వంక చూసింది. లెక్క చివరి మెట్టు దగ్గర ఆగిన మొహం అది. తరవాత చెయ్యెత్తింది.

"ఒక్క మాట నాయనా. ఆ అమ్మాయికి కొడుకా, కూతురా?"

వేళ్లు మడిచేవాళ్లంతా తలలెత్తారు. అందరికీ అదే కావాలి. యేసేపు పాపం, టీచరు అడిగింది కదా అని నోరు తెరిచాడు. "ఒక బా..."

"కూతురు" అన్నాను నేను, లేచి నిలబడి.

అందరూ వెనక్కి తిరిగారు. తరవాత ఏం చెప్పాలో లేచేటప్పుడు నాకూ తెలియదు. కానీ నేనూ ఆచార్ల ఆడపడుచునే, ఏకాదశికి మా ఇంట్లోనూ పొయ్యి వెలగదు. నాకూ ఒక్కతే కూతురు.

"ఆ కేసు నాదే. పేరూ ఊరూ నా కోసమే మార్చాడు. ఇప్పుడు మానేశాను. మానవచ్చని మీకు తెలియాలనే చెప్పించాను. ఇంకేమైనా అడగాలంటే నన్నే అడగండి."

ఎవరూ అడగలేదు. యేసేపు మొహం సున్నం కొట్టినట్టయింది. నా పక్క కుర్చీలో ఉన్న హాస్టలు వార్డెను తన మంచినీళ్ల సీసాను కొంచెం అవతలికి జరుపుకుంది. సావిత్రమ్మ మాత్రం వచ్చి నా భుజం నొక్కి, ఆడదానికి ఎన్ని కష్టాలో అని నిట్టూర్చింది. ఆ నిట్టూర్పు సాయంత్రానికల్లా ఊరంతా తిరుగుతుందని నాకు తెలుసు.

భోజనాల దగ్గర ఇందిరాబాయి నా ఎదురుగా వచ్చి నిలబడింది. మొహంలో ఇందాకటి బిగువు లేదు. బతికిపోయాను అనుకున్నాను. లేదు.

"ఇన్నాళ్లు నమ్మి మా కోడల్ని నీ దగ్గరకు పాటలకు పంపించినానే, ఉషా. మీ ఆయన మంచోడు కాబట్టి నిన్ను పెట్టుకోని ఉండాడు. మా ఇంట్లో అట్లాంటిది ఉంటే ఒక్క పూట ఉంచను. ఇంక కృతి మీ ఇంటికి రాదు."

కృతి గుట్టు దాచబోయి కృతికి ఉన్న ఒక్క దారీ మూసేశాను. కొలత ఇంకా పూర్తిగా దిగలేదు. ఇప్పుడు వదిలేస్తే ఆ పిల్ల మళ్లీ సీసా పడుతుంది, అప్పుడు నిజంగానే పట్టుబడుతుంది. నా మీద నాకే ఒళ్లు మండిపోయింది.

యేసేపు సాయంత్రం దాకా నా వెనకాలే తిరిగాడు. రెండు మూడు సార్లు ఏడవబోయాడు. తిట్టాలని చాలా ఉండింది గానీ, ఇంటికి పొమ్మన్నాను. మా వీధి మలుపులో ఉండగానే మా ఆయన ఫోన్ చేశాడు. ఆయన కాలేజీలో ఎవరో పరామర్శించారట. నిజమేనా అని అడిగాడు. నిజం చెప్పాలంటే కృతి పేరు చెప్పాలి. అందుకని నిజమేనన్నాను. ఆయన ఫోన్ పెట్టేశాడు. ఇరవై ఏళ్ల కాపురంలో ఆయన నా మాటకు బదులు చెప్పకుండా పెట్టేయడం అదే మొదటిసారి, నాకు ఏడుపొచ్చింది.

దీపాలు పెట్టే వేళకు కృతి ఫోన్ చేసింది. ముక్కు చీదుకుంటోంది.

"అక్కా, మా అత్త వచ్చినప్పట్నుంచి మిమ్మల్నే అంటాంది. పక్కింటి వాళ్లను పిలిచి మరీ అంటాంది. విన్నంతసేపు విన్నానక్కా. మీరు నాకోసం అట్లా అనిపించుకుంటాంటే నాకు చేతకాలేదు. వాళ్లు పోయినాక మా అత్తకు చెప్పేసినా."

గడప మీద కూర్చున్నాను. బాబు ఎక్కడున్నాడని అడిగాను. తన ఒళ్లోనే ఉన్నాడంది. "అత్త ఫోన్ ఇయ్యమంటాంది" అంది.

ఇందిరాబాయి గొంతు వచ్చింది. క్లాసులో వినబడే గొంతు కాదది.

"మీ ఇద్దరూ కలిసి నన్ను రాక్షసిని చేసినారు కదే. నా ఇంట్లో, నా కండ్ల ముందర ఆ పిల్ల అంత కష్టం పడింది. నాకు చెప్పుకోవాలని ఎవరికీ అనిపించలేదా?"

"మధ్యాహ్నం మీరే అన్నారు కదా టీచర్. ఒక్క పూట ఉంచనని."

"అది ఊళ్లో వాళ్ల గురించి అన్న మాట. ఊళ్లో వాళ్లను ఎవరైనా అంటారు. నా కోడల్ని అన్నానా?" అంది. ఆగి, నెమ్మదిగా మళ్లీ అంది. "ఏమో. అనేదాన్నేమో. దాని మొహం చూస్తే నోరు రాలేదు."

నేనేమీ అనలేదు. శిక్షణల్లో మౌనంగా ఉండటం గురించి గంటలు గంటలు చెప్తాను. అంత కష్టమని ఆ రోజే తెలిసింది.

"గురువారం నేనే తీసుకొస్తా. మీరు లోపల మాట్లాడుకోండి, నేను బయట కూర్చుంటా. మీ మాటలు నాకొద్దు" అంది. "ఉషా, నీ సంగతి దారి పొడుగునా చెప్పుకుంటా వచ్చినా. బస్సులో చెప్పినా, వీధిలో చెప్పినా. ఇప్పుడు కాదని చెప్పల్లంటే దీని పేరు చెప్పల్ల. ఏం చేసేది?"

"ఏమీ చేయొద్దు టీచర్. అడిగితే నేనేనని చెప్పండి."

అప్పుడే గేటు చప్పుడైంది. మా ఆయన వచ్చాడు. నా వంక చూడకుండా లోపలికి వెళ్లిపోయాడు.