ప్రస్తుతానికి పడవలో

...అయినా ఒక మనిషికి రోజుకు ఎన్ని చెంబుల నీళ్ళు కావాలో ఈ పడవ కట్టినవాడు ఆలోచించి ఉండడు. ఆలోచించాల్సిన అవసరం అతనికేముంది? అతని దృష్టిలో మనిషంటే కాగితం వాడే మనిషి. టాయిలెట్ కింద ఉన్న ట్యాంకు ఇద్దరికి రెండు వారాలు వస్తుందని అమ్మినవాళ్ళు చెప్పారు. కొన్న కొత్తలో శ్యామ్‌సుందర్ ఒక్కడే దాన్ని వారం తిరక్కుండా నింపేశాడు. ఖాళీ చేయించడానికి వెళితే, రేవులో పైపు పట్టుకుని నిలబడ్డ ముసలాయన ట్యాంకు మీటరు వంక, అతని వంక మార్చి మార్చి చూసి, లోపల ఎంతమంది ఉంటున్నారని అడిగాడు. ఒక్కణ్ణే అన్నాడు. ఆయన నమ్మలేదు. వంగి కిటికీలోంచి లోపలికి తొంగి చూశాడు. ఆ రోజుతో చెంబు పోయి, మొక్కల మీద నీళ్ళు చల్లే ప్లాస్టిక్ సీసా వచ్చింది. మనిషి నమ్మకాలు మార్చుకుంటాడేమో గానీ ఇలాంటివి మార్చుకోడని అతను అనుకునేవాడు. మార్చుకుంటాడు. ట్యాంకు నిండితే మార్చుకుంటాడు.

ఈ సంగతి పడవ కొంటానంటున్న దియకు చెప్పాలా? అమ్మేవాడు కొనేవాళ్ళకు చెప్పి తీరాల్సిన లోపాల్లో ఇదొకటవుతుందా?

అతను ఇనప పొయ్యి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, సన్నటి పుల్లలు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పేరుస్తూ ఇదంతా ఆలోచిస్తున్నాడు. పక్కన నేల మీద గిన్నెలో పాలు ఉన్నాయి. పొద్దున కాఫీకి స్టవ్ వెలిగిస్తే నీలం మంట ఒకసారి ఎగిరి ఆరిపోయింది. గ్యాసు అయిపోయింది. అది అయిపోవచ్చిందని అతనికి పోయిన వారమే తెలుసు. ఎలాగూ అమ్మేస్తున్నాం కదా, ఇప్పుడెందుకులే అని సిలిండర్ నింపించలేదు.

అది బాగానే ఉంది. మరి కట్టెలు ఎందుకు తెప్పించినట్టు?

పడవ కప్పు మీద, టార్పాలిన్ కింద, చలికాలమంతా సరిపోయేన్ని కట్టెలు ఉన్నాయి. అవి కూడా పోయిన వారమే వచ్చాయి. అతనే ఫోన్ చేసి తెప్పించాడు. అతనే ఒక్కొక్కటీ పైకి అందించుకుని, వాలిపోకుండా పేర్చాడు. ఆ సమయంలో తను చేస్తున్న పని తన నిర్ణయానికి వ్యతిరేకమని అతనికి ఒక్క క్షణం కూడా తట్టలేదు. ఒక చెయ్యి గ్యాసు నింపించడం మానేస్తుంటే, రెండో చెయ్యి కట్టెలు పేరుస్తోంది. ఈ రెండు చేతుల మధ్య ఉన్న మనిషికి కబురు లేదు.

పుల్లలు అంటుకున్నాయి. అతను పొయ్యి తలుపు మూసి, గిన్నెను పైన పెట్టాడు.

పడవ అంటే నలభై అడుగుల పొడవున్న ఒక వసారా లాంటిది. చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. ముందు కుర్చీ, పొయ్యి, తర్వాత వంటిల్లు, ఆ తర్వాత మంచం, చివర, బయట, చుక్కాని కర్ర. ఈరీ కాలువ మీద, రోచెస్టర్‌కు పడమరగా ఒక చిన్న ఊరి ఒడ్డున, రెండు ఇనప కొంకీలకు కట్టి ఉంది. తాళ్ళు కొంచెం వదులుగా కట్టాలి. బిగించి కడితే, లాకులు తెరిచి నీళ్ళు దిగినప్పుడు పడవ ఒకవైపు ఉరితీసినట్టు వేలాడుతుంది. లాకులు అనే మాట అతనికి కొత్తది కాదు. కృష్ణ కాలువల మీద చిన్నప్పుడు విన్న మాటే. ఇన్నేళ్ళు అమెరికాలో ఉన్నాక తెలుగులో పేరున్న వస్తువు ఒకటి ఎదురుపడితే, వెంటనే దాని పక్కన ఇల్లు కట్టుకోవాలనిపిస్తుంది కాబోలు.

ఇల్లు. ఆ మాటను అతను తన ఆలోచనల్లోంచి మర్యాదగా పక్కకు జరిపాడు.

ఈ వారాంతానికి కాలువ మూసేస్తారు. ఆ తర్వాత నీళ్ళు దించేస్తారు. వసంతం దాకా కాలువ అడుగున బురద, దాని మీద మంచు. పోయిన రెండేళ్ళూ పడవను క్రేన్‌తో ఒడ్డు మీదికి ఎత్తించి, దక్షిణాన క్యారీ అనే ఊళ్ళో ఉండే అక్క జయంతి ఇంటికి వెళ్ళిపోయాడు. ఈసారి అమ్మేయాలనుకున్నాడు. దియ, మానవ్ ఆదివారం వచ్చి చూశారు. బాగుందన్నారు. కాలువ మూసేలోపు పడవను తమ ఊరివైపు తీసుకెళ్ళాలి కాబట్టి ఈ మధ్యాహ్నంలోగా అవుననో కాదనో చెప్పమన్నారు. కాదని, ఈ చలికాలం పడవలోనే ఉండాలంటే ఒక్క దారే ఉంది. తూర్పున రెండు రోజుల ప్రయాణంలో నీళ్ళు తగ్గని రేవు ఒకటి ఉంది. పడవ చుట్టూ మంచు బిగుసుకోకుండా అడుగునుంచి గాలి బుడగలు వదులుతారు. కొద్దిమంది చలికాలమంతా పడవల్లోనే ఉంటారు. చోటుందా అని అక్కడికి కూడా ఫోన్ చేశాడు. ఉందన్నారు. ఊరికే అడిగాను, అని ఫోన్ పెట్టేశాడు.

పాలు ఇంకా చల్లగానే ఉన్నాయి. ఇనప పొయ్యికి తొందర లేదు.

ఆదివారం వచ్చినప్పుడు మానవ్ లోపలికి అడుగుపెడుతూనే తల కొట్టుకున్నాడు. బయటికి వెళుతూ మళ్ళీ కొట్టుకున్నాడు.

"డక్ చేయి అని చెప్పాను కదా, హైట్ ఉన్న వాళ్ళకి బ్రెయిన్ ఉండదు అంకుల్," అంది దియ. ఇద్దరూ ఇక్కడే పుట్టిన పిల్లలు. పెళ్ళై ఏడాది అయింది.

మానవ్ చేతులు చాపి రెండు గోడలూ ముట్టుకుని చూశాడు. "దియా, మన క్లోజెట్ దీనికంటే బిగ్."

"అందుకే నీ షూస్ అన్నీ అక్కడే. ఇక్కడికి ఒక్క పెయిర్ ఓన్లీ."

ఆ అమ్మాయి అన్నీ అడిగింది. మంచి ప్రశ్నలే. సోలార్ ప్యానెళ్ళు మబ్బు రోజుల్లో సరిపోతాయా, చలికి కిటికీలు లోపల కారతాయా, నీళ్ళలో పడవను నడిపే పంకాకు నాచు చుట్టుకుంటే ఏం చేయాలి. అతను వెనక ఉన్న మూత ఎత్తి, చెయ్యి మోచేతి దాకా నీళ్ళలో పెట్టి చూపించాడు. చూపిస్తుంటే తన గొంతు మారడం అతను గమనించాడు. ఆఫీసు మీటింగుల్లో ఇన్నేళ్ళు మాట్లాడిన గొంతు కాదది. కొంచెం గర్వంగా, కొంచెం అతిగా, కొడుకు మార్కులు చెప్పుకునే తండ్రిలా ఉంది.

"ఓకే, మేము ఫస్ట్ డేనే పాలు పొంగిస్తాం," అంది దియ. "మా మామ్ ఆల్రెడీ గిన్నె కొనేసింది. గృహప్రవేశం కాదు, బోట్‌ప్రవేశం! మీరు ఎక్కడ చేశారు అంకుల్, ఈ స్టవ్ మీదేనా?"

అతను వివరించాడు. ఈ గ్యాసు గాలికన్నా బరువు. పొంగిన పాలు మంటను ఆర్పేస్తే గ్యాసు కిందికి దిగి పడవ అడుగున చేరుతుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకని పడవలో పాలు పొంగనివ్వకూడదు. తను ప్రతి పొద్దునా పట్టకారు చేత్తో పట్టుకుని గిన్నె పక్కనే నిలబడతాడు. రెండేళ్ళలో ఒక్క చుక్క పొంగలేదు.

"సో, నెవర్?" అన్నాడు మానవ్.

"ప్రస్తుతానికి లేదు."

"ప్రస్తు... వాట్? ఆ వర్డ్ నాకు తెలీదు," అంది దియ.

"ఫర్ నౌ."

"టూ ఇయర్స్ ఫర్ నౌ ఆ?" ఆ అమ్మాయి పడవ కదిలేంతగా నవ్వింది. అందులో వెటకారం లేదు. అతను కూడా నవ్వాడు. వాళ్ళు వెళ్ళాక చాలాసేపు ఆ మాట పడవలోనే ఉండిపోయింది.

అవును. ఫ్రిస్కోలో ఉన్నప్పుడు ఎక్కడుంటున్నావంటే, ప్రస్తుతానికి ఫ్రిస్కో అనేవాడు. తర్వాత ప్రస్తుతానికి శాన్ రామన్. కాంట్రాక్టు ఎక్కడుంటే అక్కడ. వీసా తేలేదాకా మంచం కొనలేదు, పరుపు నేల మీదే. వీసా తేలింది. పరుపు మాత్రం అక్కడే ఉంది. పెళ్ళి గురించి అడిగితే ప్రస్తుతానికి వద్దన్నాడు. అడిగేవాళ్ళు కూడా ప్రస్తుతానికి ఊరుకున్నారు. అతను దుఃఖపడలేదు. అదే విచిత్రం. ఈ మాట కింద అతను ఎప్పుడూ హాయిగానే ఉన్నాడు, గొడుగు కింద ఉన్నట్టు. వాన వస్తుందో రాదో తేల్చుకోవాల్సిన పని లేదు.

కానీ ఇక్కడ, ఈ ఇరుకు వసారాలో, అతనికి తెలియకుండానే కొన్ని జరిగాయి. చీకట్లో మెలకువ వస్తే గోడ తడుముకోవడం మానేశాడు. వాన చప్పుడు విని నీళ్ళు ఎంత పెరుగుతాయో, తాళ్ళు ఎంత వదలాలో చెప్పగలడు. ఒడ్డున కుక్కను నడిపించే ఆవిడ అతని పేరును సగం సరిగ్గా పలుకుతుంది. వీటిలో ఏదీ అతను నిర్ణయించుకోలేదు.

మరి పాలు? గ్యాసు బరువన్నది నిజమే. ప్రమాదమన్నదీ నిజమే. మనసు తనను తాను మోసం చేసుకోవడానికి అబద్ధాలు వాడుతుందనుకుంటాం. కానీ దానికి నిజాలే ఎక్కువ పనికొస్తాయి. అతను రెండేళ్ళుగా గిన్నె పక్కన నిలబడి కాపలా కాసింది మంటకా? పొంగితే ఇది ఇల్లవుతుంది. ఇల్లయితే అమ్మడం కుదరదు, వదిలేసి వెళ్ళడం కుదరదు. అడిగినవాళ్ళకు ఇంకో మాట చెప్పాలి.

ఫోన్ మోగింది. అక్క.

"ఏరా శ్యామూ, చెప్పేశావా వాళ్ళకి?"

"ఇంకా లేదక్కా."

"ఇంకెప్పుడ్రా? పై గదిలో నీకు కొత్త దుప్పట్లు వేశాను. మీ బావ డెస్క్ కూడా బిగించాడు. మూడు స్క్రూలు మిగిలాయట, అవెక్కడివో తెలీట్లేదు. నువ్వు దాని మీద బరువులేం పెట్టకు."

"సరే."

"సరే అంటే వస్తున్నట్టా, బరువులు పెట్టనన్నట్టా? అక్కడ చలెలా ఉంది?"

"బానే ఉంది. పొయ్యి వెలిగించాను. గ్యాసు అయిపోయింది, పాలు కట్టెల మీద పెట్టా."

"కట్టెల పొయ్యా! నాన్న మనల్ని ఇంజినీరింగులు చదివించింది ఇందుకే." అక్క నవ్వి, వెంటనే గొంతు మార్చింది. "చూసుకో, మాటల్లో పడి పొంగబెడతావు."

అతను గిన్నెలోకి చూశాడు. అంచుల్లో సన్నటి బుడగలు మొదలయ్యాయి. మీగడ మధ్యలో చిన్నగా ముడతపడింది. ఈ పొయ్యికి తిప్పి తగ్గించే మీట లేదు. ఆరిపోయే గ్యాసు లేదు. అడుగున చేరేది ఏమీ లేదు. గిన్నెను దించాలి, లేదా దించకూడదు. మధ్యలో ఇంకో మాట లేదు. ఈ సంగతి అతనికి ఎంతో మామూలుగా, చల్లటి నీళ్ళలో చెయ్యి పెట్టినట్టుగా తెలిసింది.

"అక్కా, కొత్తింట్లో పాలు ఆడపడుచే పొంగించాలా?"

"మరి? నువ్వొక ఇల్లు కొని ఏడిస్తే కదా! పాలు పొంగించిందని మా తోడికోడలికి వాళ్ళ తమ్ముడు చీర పెట్టాడు గానీ నా తమ్ముడు మాత్రం... ఎందుకడిగావు?"

"అక్కడినుంచి చూస్తే చెల్లుతుందా?"

"ఎక్కడినుంచి?"

అతను వీడియో నొక్కాడు. ఫోన్‌ను కిటికీ గట్టు మీద, కాఫీ డబ్బాకు ఆనించి, పొయ్యి కనిపించేలా నిలబెట్టాడు. తెర మీద అక్క ముఖం దగ్గరికి వచ్చింది. కళ్ళజోడు వెతుక్కుని పెట్టుకుంది.

"పాలు చూపిస్తావేంట్రా పొద్దున్నే... ఒరేయ్, లేస్తున్నాయి. లేస్తున్నాయిరా, దించు!"

మీగడ గుమ్మటంలా ఉబ్బింది. అతని కుడిచెయ్యి అప్పటికే కొక్కెం మీదినుంచి పట్టకారు తీసుకుని ఉంది. ఎప్పుడు తీసుకుందో అతను చూడలేదు. రెండేళ్ళ కాపలా, అంతకు ముందున్న ఎన్నో ఏళ్ళ కాపలా, ఆ చేతిలో ఉంది. కిటికీ బయట ఒక బాతు పడవ అంచును ముక్కుతో పొడుస్తోంది. మధ్యాహ్నానికి ఇంకా బోలెడు సమయం ఉంది. దియకు ఏం చెప్పాలో ఇప్పుడు తెలుసు. ఆ అమ్మాయి కాస్త బాధపడుతుంది. గిన్నె కొన్న వాళ్ళమ్మ ఇంకా బాధపడుతుంది. చెంబు సంగతి మాత్రం చెప్పనక్కర్లేదు.

"శ్యామూ! నిన్నేరా! దించమంటుంటే..."

అక్క మాట మధ్యలో ఆగిపోయింది. కళ్ళజోడు వెనక ఆమె అతని ముఖం కోసం వెతికింది. అతను కెమెరాకు పక్కన ఉన్నాడు. ఆమెకు పొయ్యి, గిన్నె, అతని చెయ్యి మాత్రమే కనిపిస్తున్నాయి.

పాలు అంచు దాకా వచ్చాయి.

అతను పట్టకారును మళ్ళీ కొక్కేనికి తగిలించాడు.