మూడు కొటేషన్లు

బాయిలర్‌లో నీటిమట్టం చూపే గాజు గొట్టం కింది కుళాయి తిప్పగానే వేడినీళ్లు బుస్సుమంటూ కాల్వలోకి దూకాయి. మొగిలయ్య ముఖం పక్కకు తిప్పి, కుళాయి కట్టేసి, గొట్టంలో నీళ్లు మళ్లీ సగానికి లేచేదాకా కదలకుండా చూశాడు. ఇరవై ఆరేళ్లుగా పొద్దున ఆరింటికి బాయిలర్ గదిలోకి రాగానే అతను చేసే మొదటి పని ఇది. రెండో పని, చూసింది చూసినట్టు లాగ్‌బుక్కులో రాయడం.

ఈరోజు బల్ల మీద లాగ్‌బుక్కు లేదు. అరలో పాతవి కూడా లేవు. నిన్న సాయంత్రమే అన్నిటినీ మేడమీదికి మోసుకుపోయారు. అతనికి మాటమాత్రం చెప్పలేదు. వాటికి బదులు బల్ల మీద మూడు వస్తువులు పెట్టారు. ఒకటి తళతళలాడే గాజు పలక. ఒకటి బూడిద రంగు తెరది, చూడటానికి పాత దినపత్రికలా ఉంది. మూడోది లావుపాటి పెన్ను. దాని నోటుపుస్తకంలో రాస్తే సిరా కాగితం మీద పడుతుంది, నకలు మాత్రం మేడమీది కంప్యూటర్‌లోకి పోతుంది.

ఈ నెల నుంచి కాగితం బందు అని మెయింటెనెన్స్ మేనేజర్ రమేష్ రెండు రోజుల కింద చెప్పాడు. నాచారంలోని ఆ కంపెనీ అల్లం ముద్ద, టమాటా గుజ్జు విదేశాలకు పంపుతుంది. కొనేవాళ్లు తనిఖీకి వచ్చినప్పుడు మసి అంటిన పుస్తకాలు చూపిస్తే బాగుండదట. రాసేది నువ్వే కాబట్టి మూడింట్లో ఏది కావాలో నువ్వే చెప్పు అన్నాడు. ఇరవై ఆరేళ్లలో మొగిలయ్యను ఎవరూ ఏదీ ఎంచుకోమనలేదు. కాళ్లకేసుకునే బూట్ల సైజు కూడా వాళ్లే చూసుకుని ఇచ్చేవారు. అందుకే ఈ మాటను అతను గట్టిగా పట్టించుకున్నాడు. రాత్రి చిలకానగర్ ఇంట్లో కూతురు త్రివేణిని కూర్చోబెట్టి అడిగాడు. ఏఎస్ రావు నగర్‌లో ఒక ల్యాబు కౌంటర్లో పనిచేసే ఆ పిల్ల ఫోన్లో చాలాసేపు చదివి, చెయ్యి ఆనిస్తే అడ్డగీతలు పడుతున్నాయా, వెలుతురులో అక్షరం కనిపిస్తుందా, చార్జింగ్ ఎంతసేపు ఆగుతుంది, ఈ మూడూ చూడమని చెప్పింది.

అవన్నీ చూశాడు. ఏడింటికి బూడిద తెర మీద రాశాడు. అక్షరం పెన్ను వెనకాల ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చింది గానీ, బాయిలర్ పొయ్యి తలుపు ముందు మంట వెలుగులో కూడా స్పష్టంగా కనిపించింది. ఎనిమిదింటికి లావు పెన్నుతో రాశాడు. చెయ్యి ఇట్టే కుదిరిపోయింది. తొమ్మిదింటికి గాజు పలక ముందు కూర్చున్నాడు. ఊక పొయ్యి దగ్గర కాలి కాలి నున్నబడిన అతని వేళ్లకు అది మేలుకోలేదు. వేలు మడిచి కణుపుతో తట్టాల్సి వచ్చింది. నల్లగా, బక్కగా ఉండే మనిషి. మంటకు కనుబొమలు సగం కాలి మళ్లీ మొలవలేదు. తలుపు కొట్టినట్టు పలకను తడుతుంటే ఊక ఎత్తేవాళ్లు నవ్వారు.

ప్రెషర్ అయిదు పాయింట్ తొమ్మిది. పలకతో వచ్చిన పెన్నుతో రాయడంలో తొమ్మిది పాయింట్ అయిదు పడింది. అలవాటు కొద్దీ దాని మీద ఒక్క గీత గీసి, పక్కన సరైనది వేసి, పేరులో మొదటి అక్షరం పెట్టాడు. అప్పుడే వచ్చిన రమేష్ అది చూసి నవ్వాడు.

"గట్ల గీకుడెందుకే మొగిలన్నా? పెన్ను తిరగేసి రుద్దు. మచ్చ గూడ ఉండదు."

మొగిలయ్య నవ్వలేదు. గీత కింద ఉన్నది చదవడానికి రావాలన్నది లాగ్‌బుక్కు నియమం. నాలుగేళ్ల కింద ఇదే పొయ్యి తలుపు ఊడి, ఊక ఎత్తే గండయ్య మీద మంట కక్కింది. గండయ్య పదకొండు రోజులు దవాఖానాలో ఉండి చనిపోయాడు. తలుపు దగ్గరకు పోవద్దని నోటితో చెప్పాం, అతనే వినలేదని కంపెనీ అంది. అప్పుడు బాయిలర్ ఇన్‌స్పెక్టర్ లాగ్‌బుక్కు తిప్పితే, మొగిలయ్య రెండు రోజుల ముందు రాసిన మాట దొరికింది. గొళ్లెం వదులైంది, పైకి చెప్పాం. ఎవరో దాన్ని గీతలు గీసి కొట్టేశారు. ఎంత కొట్టేసినా కింద అక్షరాలు కనిపించాయి. గండయ్య పెళ్లానికి పరిహారంగా దక్కిందేమైనా ఉంటే ఆ అక్షరాల వల్లే దక్కింది.

తొమ్మిదిన్నరకు, ఆవిరి ఎక్కువైతే బయటికి వదిలే సేఫ్టీ వాల్వ్‌ల పిడి ఎత్తి చూశాడు. రెండింట్లో ఒకటి లేవలేదు. బలం కొద్దీ లాగినా లేవలేదు. రమేష్ వచ్చి చూసి, శుక్రవారం కొత్తది వస్తుందని, అంతదాకా ప్రెషర్ ఆరు దాటకుండా నడపమని అన్నాడు. ఎప్పటిలాగే మొగిలయ్య సరేనన్నాడు. గాజు పలక మీద పెద్ద అక్షరాలతో రాశాడు. ఒక వాల్వ్ లేవడం లేదు, ఆరు దాటనివ్వద్దు, రమేష్ సార్‌కు చెప్పాం. కింద తన అక్షరం పెట్టి బూడిద లాగడానికి పోయాడు.

పదకొండింటికి వచ్చి కణుపుతో తట్టాడు. ఆ మాట లేదు.

రాయలేదేమో అని తనమీదే అనుమానం వచ్చింది. కళ్లు తుడుచుకుని చూశాడు. తన అక్షరం మాత్రం తెల్లటి ఖాళీ కింద ఒంటరిగా ఉంది. లేని మాటకు సంతకం. గాజు పలకను చంకలో పెట్టుకుని, మసి కాళ్లతోనే మేడమీది చల్లటి గదిలోకి పోయాడు. రమేష్ ముందున్న కంప్యూటర్లో అదే పేజీ తెరిచి ఉంది.

"నేన్ రాసింది ఏమైంది సార్?"

"సోమవారం ఆడిట్ అన్నా. వాల్వ్ పని చేస్తలేదని మనమే రాసిస్తమా?"

"రెండింటికి షిఫ్టుకు భూపాల్ వస్తడు. ఆరు దాటొద్దని వానికెట్ల తెలుస్తది?"

"నోటితోని చెప్పు."

"గండయ్యకు గూడ నోటితోనే చెప్పినమన్నరు సార్ మీరు."

రమేష్ ఆ మాట విననట్టు ఒక కాగితం ముందుకు జరిపాడు. గాజు పలకే అన్నిటికన్నా బాగుంది, వాడినవారి అభిప్రాయం, అని అందులో ముందే టైపు చేసి ఉంది. సంతకం ఒక్కటే తక్కువ.

"నాకు పెన్ను నచ్చింది. కాగితం ఉంటది," అన్నాడు మొగిలయ్య.

"మూడు కొటేషన్లుంటెనే బిల్లు పాసైతదన్నా. అందుకని తెప్పించిన మిగతా రెండు. గాజుదానికి పోయిన వారమే ఆర్డరైంది. ఫికర్ చెయ్యకు, సంతకం పెట్టు."

రాత్రి పిల్లను నిద్ర ఆపి చదివించింది దీనికా అనుకున్నాడు. పొద్దుట్నుంచి గంట గంటకూ చేతిని ఆనించి చూసుకుంది దీనికా. కాగితాన్ని ముట్టుకోలేదు. కోపం వస్తే అతను అరవడు. పని నెమ్మదిగా చేస్తాడు. మెట్లు దిగి, గాజు పలకను బల్ల మీద పెట్టి, పొయ్యిలో ఊక వేయడం ఆపేయించాడు. వంటశాలకు ఫోన్ చేసి, అరగంటలో ఆవిరి ఆగిపోతుంది, ఉడికేది దించుకొమ్మని చెప్పాడు. మంట తనంత తాను చచ్చేదాకా నీళ్లు సగానికి తగ్గకుండా చూశాడు. ప్రెషర్ ముల్లు ఆరు, నాలుగు, రెండు. గోడ మీది ఫోన్ మోగింది. మళ్లీ మోగింది. ఎత్తలేదు.

రెండింటికి భూపాల్ వచ్చాడు. పెళ్లయి నాలుగు నెలలైన పిల్లగాడు. గడప దగ్గరే ఆగిపోయాడు.

"ఏంది మామ, గిట్ల సల్లగున్నది?"

ఉన్నదంతా చెప్పాడు. చేయి పట్టుకుని తీసుకుపోయి, లేవని పిడిని అతనితో లాగించాడు.

"ఇప్పుడు రమేష్ సార్ వచ్చి ముట్టించమంటే ఎట్ల మామ? నాకు సర్టిఫికెట్ గూడ లేదు. నీ పేరు మీదనే నడుపుతున్న."

మొగిలయ్య స్టూలెక్కి గోడకున్న ఫ్రేమును దించాడు. బాయిలర్ అటెండెంటు సర్టిఫికెట్. రెండుసార్లు తప్పి, మూడోసారి పాసై సంపాదించింది. అది గోడకు లేకుండా నిప్పు ముట్టిస్తే నేరమని ఈ కంపెనీలో అందరికీ తెలుసు.

"అందుకే తీస్కపోతున్న. ఎవరన్న అడిగితే గోడ సూపెట్టు. నువ్వు ఇంటికి పో."

"మల్ల నువ్వెప్పుడొస్తవ్?"

ఫ్రేమును తువ్వాలలో చుట్టి, సైకిల్ వెనక క్యారియర్‌కు కట్టాడు. ఆ ముడి చూసుకుంటూనే రానన్నట్టు తల ఊపాడు. గేటు దాటి ఉప్పల్ వైపు తొక్కుతూ పోయాడు. వెనక్కి చూడలేదు.

ఆడిట్ మీటింగులో ఇరుక్కున్న రమేష్ మూడు దాటాక కిందికి దిగి వచ్చేసరికి గదిలో ఎవరూ లేరు. ముల్లు సున్నా మీద ఉంది. బల్ల మీద గాజు పలక వెలుగుతూనే ఉంది. దానిలో మూడు గంటల గడి తెల్లగా, తుడవడానికి ఏమీ లేకుండా ఉంది.