పదిహేడో టేకు

చర్చిలో పిల్లల వేసవి బైబిలు తరగతులు ముగిసే రోజున ఏటా ఒక నాటిక ఉంటుంది. ఈ ఏడాది పాస్టరుగారబ్బాయి ఫిన్నీ నాటిక వద్దని ఫోనుతో సినిమా తీశాడు. నవ్వుల సినిమా. సెలవులన్నీ నోరు విప్పని ఒక పిల్ల, చివర్లో అందరి ముందూ ఒక్క మాట అంటుంది. ఆ వేషానికి సారికను మించినవాళ్ళు దొరకరు. పదో తరగతి పాసైనా, పాలకొల్లు బజారులో వంకాయలు కావాలంటే అమ్మ వెనక నిలబడి వేలు చూపించే పిల్ల.

"నాకూ మాటలొచ్చండి. మీరే ఎప్పుడూ అడగలేదండి." ఆమె అనాల్సిన మాట అదే.

కాలవగట్టు మీద మిట్టమధ్యాహ్నం పదహారుసార్లు తడబడింది. ఒకసారి దగ్గొచ్చింది, ఒకసారి ఎక్కిళ్ళు, ఒకసారి ఏడుపు.

"పర్లేదమ్మా, ఇదంతా ప్రాక్టీసే," అన్నాడే గానీ ఫిన్నీ ఫోను దించలేదు.

పదిహేడోసారి మాట తిన్నగా వచ్చేసింది. అది తన గొంతేనా అని తనకే అనుమానం కలిగింది. ఇంటికెళ్ళి డైరీలో ఒకటే రాసుకుంది: ఆదివారం అందరూ వింటారు.

ఆదివారం సాయంత్రం చర్చి గోడకు తెల్ల దుప్పటి కట్టారు. సారిక తల్లి జ్ఞానమ్మ ముందు వరసలో కూర్చుంది. సినిమా చివరికొచ్చింది. తెర మీద సారిక "నాకూ మ్... మ్..." అంది. జనం నవ్వారు. వెంటనే రెండో టేకు, మూడోది. దగ్గూ ఎక్కిళ్ళూ ఏడుపూ వరసగా పేర్చి వెనక డప్పు మోత పెట్టాడు ఫిన్నీ. సారిక వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. పదిహేను. పదహారు. ఇప్పుడొస్తుంది.

సమాప్తం అని పడింది.

జ్ఞానమ్మ నవ్వీ నవ్వీ కళ్ళు ఒత్తుకుంటోంది. "మా అమ్మాయేనండి," అని పక్కావిడకు చెబుతోంది.

సారిక ఫిన్నీ దగ్గరికెళ్ళింది. "అన్నయ్యా, చివర్లో బాగా వచ్చింది ఒకటుంది కదా."

"అదా? అందులో నవ్వేముందే? ఫోన్లో చోటు లేక తీసేశాను."

ఇంతలో పాస్టరుగారు ఆమెను ముందుకు పిలిచి మైకు చేతికిచ్చారు. ఆ మాట ఇక్కడ ఒక్కసారి చెప్పమన్నారు. సారిక కళ్ళు మూసుకుంది.

"నాకూ మాటలొచ్చండి. మీరే ఎప్పుడూ అడగలేదండి."

ఎక్కడా తడబడలేదు. జనం మాత్రం ఇంకా ఏదో రావాలన్నట్టు నోళ్ళు సగం తెరిచి కూర్చున్నారు.

"అలా కాదమ్మా," అంది సంఘంలో పెద్దావిడ అచ్చాయమ్మ, బతిమాలుతున్నట్టు. "సినిమాలోలాగా చెప్పు."

"చెప్పవే, అంతలా అడుగుతున్నారు," అంది జ్ఞానమ్మ.

ఫిన్నీ ఫోను పైకెత్తాడు.

సారిక తల్లి ముఖంలోకి చూసింది. ఆ ముఖం అంత సంబరంగా ఉండగా ఆమె ఎప్పుడూ చూడలేదు. మైకు నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"నాకూ మ్... మ్..."

జనం ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. సారిక ఆగి, దగ్గు కూడా దగ్గి చూపించింది.