బావగారి దిద్దుబాటు

పొద్దున్నే మబ్బు పట్టింది. కురవదు, పోదు. రంగు ఆరే రోజు కాదని గొణుక్కుంటూనే, బోర్డులు రాసే మా తోడల్లుడు కొత్త బోర్డు తెచ్చి మా ముందు గదిలో గోడకు బిగించాడు. వెనకాలే ఆయన భార్య, మా వదిన వచ్చింది.

ఆ సాయంత్రం నుంచి నా భార్య ఆ గదిలో ఇంగ్లీషు ట్యూషన్ మొదలుపెడుతోంది. ఎవరూ చేరకపోతే మళ్ళీ ప్యాకింగ్ పనికే పోవాలి. అక్కడ నిలబడీ నిలబడీ కాళ్ళు వాచి ఇంటికొచ్చేది. ఇంగ్లీషులో పలకడానికి ఒకటిగానే ఉండి, రాతలో, అర్థంలో వేరయ్యే మాటలుంటాయట. జనం తికమకపడేది అక్కడేనని వాటిని జతలుగా కాగితం మీద రాసి, బోర్డు మీదికెక్కించమని వాళ్ళ బావకిచ్చింది.

తోడల్లుడికి ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, మాటలు రావు. గురువు నేర్పిన పద్ధతి మాత్రం తప్పడు. గిరాకీ తప్పు రాసిస్తే ఎత్తి చూపకూడదు, నొచ్చుకుంటాడు. చప్పుడు చేయకుండా సరిదిద్ది రాసివ్వాలి.

నా భార్య బోర్డును ఈ చివర నుంచి ఆ చివరకు చూసి కుర్చీలో కూర్చుంది.

“బావా, రెండు వరుసల్లోనూ ఒకటే రాశావేంటి?”

“ఒక్కో మాటనీ రెండు రకాలుగా రాసిచ్చావమ్మాయ్. మీ అక్కచేత చదివించా. ఏ జత చదివినా ఒకేలా పలికింది. హడావుడిలో రాసుంటావని అన్నీ సరిచేశా.”

“అన్నీనా?”

“ఒక్కటీ వదల్లేదు.”

“ఏది సరైందో ఎలా తేల్చావు?”

“చూడ్డానికి ఏది బాగుంటే అది ఉంచా.”

“కలుసుకోవడం ఒక మీటు, మాంసం ఒక మీటు బావా. రాత వేరు.”

ఆయన బోర్డు దగ్గరికెళ్ళి వంగి చూశాడు. “మరి ఇవి ఏ మీట్లు?”

“రెండూ మాంసమే.”

“నేను తప్పు చదివానేంటే?” అంది వదిన.

“సరిగ్గానే చదివావక్కా. అదే వచ్చిన చిక్కు.”

పచ్చి రంగు తుడిస్తే బోర్డంతా పాడవుతుంది. అలాగే ఉంచారు.

సాయంత్రం ఒక నర్సు, ఒక టైలరు, కళ్ళద్దాల బ్యాంకు గుమాస్తా, ఇంకొందరు వచ్చారు. గుమాస్తా బోర్డు మొత్తం చదివాడు. నా భార్య కుర్చీ వీపు గట్టిగా పట్టుకుని నిలబడింది.

“ఎంత పొందిగ్గా ఉందండీ! ఎవరు రాశారు?” అన్నాడాయన.

తలుపు వెనకున్న తోడల్లుడు ముందుకొచ్చాడు. వచ్చినవాళ్ళంతా చేరారు.

వాళ్ళు వెళ్ళాక ఆయన గొంతు సవరించుకున్నాడు. “చూశావా, ఎవరూ ఏమీ అనలేదు.”

“తెలిస్తే నా దగ్గరికెందుకొస్తారు? వాళ్ళకి తెలిసేలోగా మార్చెయ్ బావా.”

“ఎన్నాళ్ళు టైముంది?”

“నేను బాగా చెబితే వారం.”

“చేతిలో ఇంకో రెండు బోర్డులున్నాయి. అంత బాగా చెప్పకు.”

నేను నవ్వబోయాను. నా భార్య చూసింది. మానేశాను.

వదిన వడ్డించింది. నలుగురం కూర్చుని తిన్నాం. మాంసం కూర బాగా కుదిరింది. ఆ మాట కూడా ఎవరూ అనలేదు.