మొదటి వరుస

ఇలా దగ్గరికి జరగండర్రా. ఆ ఫోను కాసేపు పక్కన పెట్టి వినండి. ముక్తేశ్వరంలో మన జ్యోతిర్మయికి కంప్యూటర్ మొరాయించిన రోజు సంగతి చెబుతాను.

ఆమె మావగారు బాలగంగాధరం గారు వేదపండితులు. ఏడేళ్ళపాటు ఆయన చెబుతూ ఉంటే కోడలు వేదపాఠమంతా కంప్యూటర్‌లో కొట్టింది. వేదానికి అక్షరాలొక్కటే చాలవు కదా, స్వరం కావాలి. అక్షరం కింద అడ్డగీత, పైన నిలువుగీత. వాటిని ఆమె అంకెలుగా కొట్టేది. ఆమె పాఠం కొట్టే ఎడిటర్ ప్రోగ్రాంలో ప్లగిన్ అని ఒక చేర్పు ఉండేది, అది ఆ అంకెల్ని గీతలుగా మార్చేది. ప్లగిన్ ఉన్న ఆ పాత కంప్యూటర్ కాస్తా మొన్నటి పిడుగుకి కాలిపోయింది. పాఠం పెన్‌డ్రైవ్‌లో ఉంది కాబట్టి బతికింది.

కొత్త కంప్యూటర్ వచ్చింది. పొద్దున్నే మావగారి చూపుకి ఆనేలా అక్షరాలు పెద్దవి చేద్దామని జ్యోతిర్మయి ఎడిటర్ సెట్టింగ్స్ ఫైలు తెరిచింది. మధ్యలో కాఫీ కలపడానికి లేచి, తిరిగొచ్చి, సేవ్ చేసి మూసేసింది. ఆ తర్వాత ప్లగిన్ ఎక్కించబోతే తెరమీద ఎర్రపెట్టె ఒకటి వచ్చి, కుదరదంది.

పదకొండున్నరకి ఫోను మోగింది.

"ఆయ్, అమలాపురం ప్రెస్సు మాణిక్యాలరావునండీ. ఒంటిగంటకి మీ పుస్తకం ఫైలు రాకపోతే మిషను మీదకి శుభలేఖలెక్కించేస్తానండీ. పెళ్ళివారు గుమ్మంలోనే కూర్చున్నారు."

"పంపేస్తానండీ," అంది. మర్నాడే వేదసభ. మావగారికి వేదం చెప్పిన తొంభై రెండేళ్ళ గురువుగారు వస్తున్నారు. ఆయన చేతిలో పుస్తకం పెట్టాలన్నదొక్కటే మావగారి కోరిక. మళ్ళీ సభ ఏడాదికి.

నెట్ బాగాలేదేమోనని ఫోను నెట్ పెట్టింది. ఎర్రపెట్టె. ఎడిటర్ పాతదేమోనని కొత్తది దింపుకుంది. ఇరవై నిమిషాలు పోయాయి, మళ్ళీ ఎర్రపెట్టె. సగం దిగి ఆగిన ప్లగిన్ ఫోల్డరంతా తీసేసి మొదటినుంచి ఎక్కించింది. అదే పెట్టె.

"దిష్టి తగిలిందేమోనే, ఉప్పు తిప్పనా?" అన్నారు అత్తగారు గంగాభవాని.

"వద్దత్తయ్యగారూ! కీబోర్డులో పడిందంటే ఇదీ పోతుంది."

మావగారు గుమ్మంలో నిలబడి కండువా కొసని వేలికి చుడుతూ, విప్పుతూ ఉన్నారు.

పన్నెండూ నలభై. పెట్టె వచ్చినప్పుడల్లా విసుగ్గా మూసేస్తోందేగానీ, అందులో ఏముందో జ్యోతిర్మయి ఒక్కసారీ చదవలేదు. ఈసారి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని చదివింది. సెట్టింగ్స్ ఫైలు చదవడం కుదరలేదట. తప్పు మొదటి వరుస, మొదటి అక్షరం దగ్గరట.

ఫైలు తెరిచింది. అన్నిటికన్నా పైన, ఏమీ ఉండకూడని చోట, 'శ్రీ' అని ఉంది.

"మావయ్యగారూ, పొద్దున్న మీరిక్కడ కూర్చున్నారా?"

"కూర్చున్నానమ్మా. నువ్వు కాఫీకి వెళ్ళేవు. పేజీ తెరిచుంది, తలమీద శ్రీకారం లేదు. బోసిగా ఉందని నేనే కొట్టేను."

ఆయనకి కంప్యూటర్‌లో వచ్చిన అక్షరం అదొక్కటే. నేర్పింది కోడలే. ఏడేళ్ళూ ప్రతి పాఠం మీదా ఆయన చేత్తో అది పడ్డాకే ఆమె మొదలుపెట్టేది.

జ్యోతిర్మయి వేలు చెరిపే మీట మీదకి వెళ్ళింది.

"చెరిపేస్తావా అమ్మా?" అన్నారాయన. వేదం చెప్పే అంత పెద్ద గొంతూ పీలగా వచ్చింది.

వేలు ఆగిపోయింది. ఒంటిగంటకి ఇంక పది నిమిషాలు. అప్పుడు తట్టిందామెకి. ఆ ఫైల్లో ఏ వరుస ముందైనా రెండు ఏటవాలు గీతలు పెడితే, మిషను ఆ వరుసని చదవకుండా దాటిపోతుంది. శ్రీ ముందు రెండు గీతలు పెట్టి సేవ్ చేసింది.

"ఉంచేనండీ. మిషను కంట పడకుండా చాటు చేసేనంతే."

మళ్ళీ ఎక్కించింది. చక్రం తిరిగింది, తిరిగింది. ఎర్రపెట్టె రాలేదు. తెర నిండా ఉన్న అంకెలన్నీ గీతలైపోయాయి. ఒంటిగంటకి నాలుగు నిమిషాలుండగా ఫైలు వెళ్ళింది.

"ఆయ్, వచ్చేసిందండీ! పెళ్ళివారికి కాఫీలు చెబుతానండీ," అన్నాడు మాణిక్యాలరావు.

మర్నాడు సభలో గురువుగారు పుస్తకం అందుకుని, ఒక్క గీత దగ్గరా తడబడకుండా మొదటి పాఠం చదివేశారు. బాలగంగాధరం గారు కండువా కళ్ళకద్దుకున్నారు.

ఇది గుర్తుంచుకోండర్రా. రేపు మీవాళ్ళెవరైనా ఎర్రపెట్టె ముందు కూర్చుని తల పట్టుకుంటే, మూసేముందు చదవమని ఈ కథ చెప్పండి. ఆ శ్రీ ఇప్పటికీ రెండు గీతల చాటున అక్కడే ఉంది, అదీ మరిచిపోకుండా చెప్పండి.