పొడి డబ్బాలో మంచు

పొడి డబ్బాలో మంచు ఉందని మీటరు మళ్లీ చెప్పింది.

ఐస్‌క్రీం ఫ్రీజరు మీదికి వంగిన సత్యశ్రీ పళ్లు కొరికింది. వెనీలా కప్పుల పక్కన రెండు స్టీలు డబ్బాలు. రెండింట్లోనూ చంద్రుడి మట్టికి బదులుగా జల్లించిన రాళ్ల క్రషర్ పొడి. ఒకదానిలో నీళ్లు కలిపి గడ్డకట్టించింది. రెండోదాన్ని పెనం మీద వేయించి, తడి లేకుండా చేసి పెట్టింది. ఆమె తయారుచేసి మీటరుకు తగిలించిన సూది, చంద్రుడి మీద ఎండ ఎరగని గుంటల్లో దిగి, గడ్డకట్టిన మట్టిలో మంచు ఉందో లేదో చెప్పాలి. విశాఖలో ఆమె చదివిన కాలేజీ బృందం సాయంత్రంలోగా ఫలితం పంపమంది. పంపకపోతే ఇంకొకరి సూది ఎంచుకుంటారు.

"ఇయ్యాల కూడా అలిగిందేటి?" అన్నాడు ఉదయ్‌కుమార్ కోన్లు సర్దుతూ. పెళ్లయి నెల తిరగలేదు. భార్య కోసం కొట్లో ఫ్రీజరు సగం ఖాళీ చేసిచ్చాడు.

"ఎండు మట్టిలో నీళ్లున్నాయంటందండీ. దీన్ని పంపితే చంద్రుడి మీద చెరువుందని చెప్తాది."

"మంచిదే కదా. చెరుకేద్దాం."

నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు ఇంకా ఉక్రోషం వచ్చింది. సాయంత్రం వేయించిన పొడి పొద్దున్న కొట్లోకొచ్చి చూసేసరికి తడి చూపిస్తోంది. తీగలు మార్చింది, బ్యాటరీ మార్చింది. సూది మొనకు పట్టిన పసుప్పచ్చ మరకను తుప్పనుకుని రోజూ గరుకు కాగితంతో రుద్దింది. ఇవాళ కూడా రుద్దబోతూ, ఎందుకో వాసన చూసింది.

పసుపు.

అప్పుడే అత్తగారు రాజ్యం, జల్లడం ముగించి, ఖాళీ చెంబుతో లోపలికొచ్చింది. కొట్టు తెరవగానే గడపకూ గల్లాపెట్టెకూ పసుపు నీళ్లు జల్లనిదే ఆమెకు బోణీ మీద నమ్మకం కుదరదు.

"అత్తా, ఫ్రీజర్లో కూడా జల్లుతన్నారా?"

"రోజూ సల్లుతాను కదమ్మా. నీ డబ్బాకి మూత లేదు. పెద్ద సదువుల పని, కలిసిరావాలని దాన్లో రెండు సుక్కలు ఎక్కువే వేసేను."

సూది గుచ్చి ఉంచాలని ఆ డబ్బాకు సత్యశ్రీయే మూత పెట్టలేదు. ఎవర్ని తిట్టాలో తెలియక ఖాళీ కూల్‌డ్రింకు క్రేటు మీద కూలబడింది. ఇన్నాళ్లూ సూది నిజమే చెప్పింది. తిట్లు తిన్నదీ, గీతలు పడ్డదీ అదే.

ఉదయ్‌ పెనం పొయ్యి మీద పెట్టాడు. ఈసారి సత్యశ్రీ పొడిని వేయించి, చల్లార్చి, సూది గుచ్చి, డబ్బా మూతికి పాలిథిన్ కట్టి ఫ్రీజరులో పెట్టింది. మధ్యాహ్నం దాటాక చూస్తే మీటరు ముల్లు అడుగునే ఉంది, కదల్లేదు.

"అత్తా, చెంబు పట్రండి."

"పొద్దున్న నా మీద మూతి ముడిసి, ఇప్పుడు రమ్మంటావేటి? నాను రాను. మళ్లీ సెడగొట్టేనంటావు."

"చెడగొట్టడానికే. రెండు చుక్కలు."

సత్యశ్రీ పాలిథిన్ విప్పింది. ఉదయ్ ఫోనులో వీడియో తీస్తున్నాడు. రాజ్యం కొంగు సర్దుకుని, కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుని, వేళ్లతో చిలకరించింది. ఫ్రీజరు మూత వేసి ముగ్గురూ కాచుకుని కూర్చున్నారు. కాసేపటికి ముల్లు కదిలి పైకి పాకింది.

సత్యశ్రీ ఫోను లాక్కుని వీడియో విశాఖ బృందానికి పంపించేసింది.

"సాలిందా?" అంది రాజ్యం చెంబులోకి చూస్తూ. "ఇంకో సుక్క ఎయ్యనా?"